వయోమింగ్‌లో ఎల్లోస్టోన్ తప్ప చూడటానికి ఏమీ లేదా?

జులైలో అమ్మానాన్నలతో డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్‌కి కారులో వెళ్తున్నామని, దారంతా ఖాళీయేనట కాబట్టి ఎక్కడా ఆగకుండా పోవడమే మేలా అని అడిగారు. మేలు కాదు. ఖాళీ అని చెప్పినవాళ్ళు కారు అద్దం దించి ఉండరు.

ఆ మాట సగం నిజమే లెండి. అమెరికాలో వయోమింగ్ అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్న రాష్ట్రం, 2020 జనాభా లెక్కల్లో 5,76,851 మంది. మన గుంటూరు జనమంత కూడా లేరు.

ఎల్లోస్టోన్ గురించి నేనేమీ చెప్పను. 1872లో నేషనల్ పార్కు అయినప్పటి నుంచి అందరూ చెబుతూనే ఉన్నారు. ఒక్క మనవి: బైసన్ (అక్కడి అడవిదున్న) పక్కన నిలబడి ఫొటోలు దిగకండి. కనీసం 25 గజాల దూరం ఉండాలని బోర్డులున్నా, మనవాళ్ళు పిల్లల్ని ముందుకు తోస్తూ "ఇంకొంచెం జరుగమ్మా" అంటుంటే చూసి నాకు బీపీ పెరిగింది. ఇక గేటు దగ్గరి ఊళ్ళో మేం దిగిన మోటెల్ వాళ్ళు తీసుకున్న అద్దెకి, హీటరైనా పనిచేసి ఉండాల్సింది.

మీరు చేయాల్సింది ఒకటే. ఐ-80 హైవే మీద రాక్ స్ప్రింగ్స్ దాకా వచ్చి, 191 నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి తిరగండి. రాక్ స్ప్రింగ్స్ అందమైన ఊరేం కాదు. 1885 సెప్టెంబరు 2న అక్కడి బొగ్గుగనిలో పనిచేసే చైనా కూలీల మీద తెల్ల కూలీలు పడి కనీసం 28 మందిని చంపారు, ఇళ్ళు తగలబెట్టారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. ట్రిప్ వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు, ఆ ఊళ్ళో పెట్రోలు ఎంతో మాత్రం చెబుతారు.

అక్కడి నుంచి పైన్‌డేల్ అనే ఊరి దాకా బూడిదరంగు సేజ్ పొదలు, ముళ్ళకంచెలు, గాలి. మా నాన్న నందికొట్కూరు వైపు రైతు. కృష్ణజింకలు మేసిపోయిన పంటకి లెక్క చెప్పమంటే ఇప్పటికీ చెబుతారు. కారులో సగం నిద్రలో ఉన్న మనిషి ఒక్కసారిగా లేచి "ఒరేయ్, ఆపురా, జింకలు!" అన్నారు.

అవి ప్రాంగ్‌హార్న్‌లు. చూడ్డానికి మన జింకల్లాగే ఉంటాయిగానీ చుట్టరికం జిరాఫీతో దగ్గర. ఒక గుంపు రోడ్డు దాటింది, కంచె దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి తప్ప ఒక్కటీ ఎగరదు. "ఏందిరా, ఈటికి ఎగరడం రాదా? మన కాడైతే ఒక్క ఎగురులో దాటి చేలో పడేవి" అని నాన్న ఆశ్చర్యం. చివరికి ఒక ఆడది చోటు చూసుకుని మోకాళ్ళ మీద వంగి, వీపు గీసుకునేలా తీగ కిందనుంచి దూరింది. మిగతావి దాని వెనకే. ఒక పిల్ల మాత్రం ఇవతలే ఉండిపోయి కంచె పొడుగునా పరుగు. నాన్న దిగి తీగ ఎత్తుతానని బయలుదేరారు. "అది వాళ్ళ పొలం నాన్నా" అని చెయ్యి పట్టుకుని ఆపేలోపు పికప్పులో ఒక పెద్దాయన వచ్చి ఆగాడు, ఇబ్బందేమైనా ఉందా అని.

పొలం ఆయనదే. నాన్న కంచె గురించి అడిగితే ఓపిగ్గా చూపించాడు: అన్నిటికంటే కింది తీగకి ముళ్ళుండవు, అది నేలకి 16 అంగుళాలైనా ఎత్తులో ఉండాలి, అప్పుడే ఇవి గాయపడకుండా దూరతాయి. అంతటితో ఆగకుండా నాన్న ఎన్ని ఆవులున్నాయో అడగమన్నారు. అక్కడ అది మన బ్యాంకు బ్యాలెన్స్ అడిగినట్టే. ఆయన నవ్వి "సరిపోయేన్ని" అన్నాడు. ఈలోపు పిల్ల ఎక్కడ దూరిందో ఏమో, అవతల తల్లి దగ్గర ఉంది.

గంటకు 55 మైళ్ళు పరుగెత్తే జంతువది. ఇప్పుడు అమెరికాలో దాన్ని తరిమి పట్టగల జంతువే లేదు. మరి అంత వేగం ఎందుకంటే, పది వేల ఏళ్ళకు ముందే అంతరించిన అమెరికా చీతా నుంచి తప్పించుకోవడానికట. కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోరట, నేను మాత్రం ఒప్పేసుకున్నాను. మన కృష్ణజింక కథా అదేగా, చీతా పోయింది, పరుగు మిగిలింది. తేడా ఏంటంటే, ప్రాంగ్‌హార్న్ పుట్టి పెరిగిన మైదానంలో ఎగిరి దాటాల్సింది ఏమీ లేదు. 1870ల్లో ముళ్ళతీగ వచ్చాకే దానికి కష్టాలు మొదలయ్యాయి.

ఎండాకాలం ఎల్లోస్టోన్‌కి దక్షిణాన గ్రాండ్ టీటన్ పార్కు దగ్గర మేసే ప్రాంగ్‌హార్న్ గుంపొకటి చలికాలానికి వందమైళ్ళకు పైగా నడిచి దక్షిణానికి వస్తుంది. పైన్‌డేల్ దాటాక ట్రాపర్స్ పాయింట్ దగ్గర వాటి దారి చాలా ఇరుకు. ఆరు వేల ఏళ్ళ క్రితం మనుషులు అక్కడే కాపు కాసి వేటాడారని తవ్వకాల్లో దొరికిన ఎముకలు చెబుతున్నాయి. 2012లో ఆ చుట్టుపక్కలే జంతువుల కోసం రోడ్డు మీదుగా రెండు వంతెనలు, కిందుగా ఆరు దారులు కట్టారు. జనం లేని రాష్ట్రంలో జింకలకి వంతెనలేంటని మీ నాన్నగారు కూడా అడుగుతారు, చూడండి.

జులైలో వలస ఉండదు, వంతెనల మీద ఏమీ కనబడదు. కానీ మే, జూన్ నెలల్లో పుట్టిన పిల్లలు, తరచుగా కవలలు, రోడ్డు పక్క పొదల్లోనే తల్లులతో తిరుగుతుంటాయి. రాక్ స్ప్రింగ్స్, పైన్‌డేల్ మధ్య వచ్చే ఫార్సన్‌లో ఐస్‌క్రీమ్‌కి ఆగండి, చిన్నదే చెప్పండి, అదే ఇద్దరికి సరిపోతుంది. పులిహోర కట్టుకెళ్ళండి, ఆ దారిలో శాకాహారమంటే చిప్సే. కారు తలుపు మాత్రం గట్టిగా పట్టుకుని తెరవండి. అక్కడి గాలికి మా అద్దె కారు తలుపు వంగిపోతే, కంపెనీవాళ్ళు నా దగ్గరే వసూలు చేశారు.