ఎల్సీ డెస్కు నుంచి కంట్రీ హెడ్ కుర్చీ దాకా

చెన్నైలో విదేశీ బ్యాంకుల సెంటర్లలో ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే పత్రాలు సరిగా ఉంటే అమ్మినవారికి డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) కాగితాలు చూస్తూ, ఇప్పుడు సింగపూర్‌కో లండన్‌కో బదిలీ మీద వస్తున్న మనవాళ్లకు ముందుగా ఒక మాట. ఆఫర్ లెటర్‌లో వైస్ ప్రెసిడెంట్ అని ఉందని మురిసిపోకండి, బ్యాంకుల్లో అది మధ్య మెట్టే. మీ చేతికి ఏమిస్తున్నారో చూడండి: అప్పు మంజూరు చేసే అధికారమా, ఖాతాదారులా, లాభనష్టాల బాధ్యతా? ఈ మూడింటిలో ఏదీ లేకపోతే ఊరు మాత్రమే మారినట్టు.

పైదాకా వెళ్లినవాళ్ల దారి చూడండి. పీయూష్ గుప్తా 1982లో ఇండియాలోని సిటీబ్యాంక్‌లో చేరి, ఇండొనేషియా, మలేషియా, సింగపూర్‌లలో దాని బాధ్యతలు చూశాక 2009లో సింగపూర్ బ్యాంకు డీబీఎస్‌కి సీఈవో అయ్యారు. నోయెల్ క్విన్ హెచ్‌ఎస్‌బీసీ కమర్షియల్ బ్యాంకింగ్‌ను మొదట ఆసియాలో, తర్వాత ప్రపంచమంతటా నడిపి 2020లో సీఈవో అయ్యారు.

మీ చేతిలో ఉన్న బలం యూసీపీ 600, అంటే ఎల్సీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి. పత్రాలు అందిన మర్నాటి నుంచి అయిదు బ్యాంకింగ్ రోజుల్లోగా తేడాలు చెప్పకపోతే, ఆ తర్వాత వాటిని సాకుగా చూపి డబ్బు ఆపడానికి బ్యాంకుకు వీల్లేదు. ఖాతాదారుతో మాట్లాడే రిలేషన్‌షిప్ మేనేజర్లలో చాలామందికి ఇంత లోతు ఉండదు. అయినా నేరుగా ఆ సీటుకి ఎగబాకకండి, ముందు అప్పుల దరఖాస్తులను పరిశీలించే క్రెడిట్ విభాగానికి మారండి.

అక్కడ మొదట పట్టు సాధించాల్సింది నగదు చక్రం మీద, అంటే సరుకుకు పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం మీద. సరుకు గోదాములో 60 రోజులు, అమ్మిన డబ్బు రావడానికి 75, సరఫరాదారుకి కట్టడానికి 45 రోజుల గడువు. అంటే 90 రోజుల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, ఆ ఎవరో బ్యాంకు. అమ్మకాలు పెరిగితే ఈ గుంత కూడా పెరుగుతుంది. టర్నోవర్ పెరిగిందని సంబరపడి అప్పు ఇవ్వవచ్చని రాసిన నోట్‌లు దెబ్బతినేది ఇక్కడే. క్రెడిట్‌లో మూడేళ్లయినా ఉండండి. అప్పు లిమిట్లను ఏటా తిరిగి చూస్తారు కాబట్టి, మీరు రాసిన అప్పులో లోపం రెండో, మూడో సమీక్షలో గానీ బయటపడదు. ఏడాదికే సీటు మారితే ఆ పాఠం మీ తర్వాతి వారికి దక్కుతుంది.

ఆపైన ఖాతాదారులు, ఆ తర్వాత ఒక చిన్న దేశంలో బ్యాంకు బాధ్యత. పెద్ద నగరంలో పదోవాడిగా ఉండడం కన్నా చిన్న దేశంలో రెండోవాడిగా ఉండడం మేలని నా అభిప్రాయం.

లండన్ వచ్చేవారు ఒకటి గుర్తుంచుకోండి. సీనియర్ మేనేజర్ పదవికి తీసుకునేటప్పుడు గత ఆరేళ్ల యజమానుల నుంచి ప్రవర్తన వివరాలు అడుగుతారు. మీ మీద ఏదైనా విచారణ జరిగి కొట్టేసి ఉంటే, కొట్టేశారన్న లేఖను చెన్నై వదలకముందే తీసుకోండి. నాలుగేళ్ల తర్వాత అడిగితే, ఆ సంగతి తెలిసిన మేనేజర్ ఆ సీటులో ఉండకపోవచ్చు.