పాత సున్నపు గోడకు మన చేతులతో రంగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది మా మామగారి నాటి పెంకుటిల్లు. గోడలకు ఏటా సున్నమే వేసేవారు. రెండేళ్ల క్రితం ఒక మేస్త్రీ చేత ముందు గదికి ప్లాస్టిక్ పెయింట్ వేయించాము. మొదటి వానాకాలానికే కిటికీ కింద బుడగలు లేచి, అరచేతంత పెచ్చులు ఊడిపోయాయి. మళ్లీ కూలి పెట్టుకునే స్తోమత లేదు కనుక ఈసారి నేనూ మా అబ్బాయీ కలిసి వేసుకుందామని అనుకుంటున్నాము. దసరా లోపల పూర్తి చేయవచ్చునా? రంగు ఎంత కొనాలి?
- ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: దసరాకు వద్దమ్మా. మన వైపు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, అవి తగ్గాయనుకునేసరికి తుపానుల భయం. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ వచ్చి మీ గజపతి జిల్లాను కుదిపివేసింది అక్టోబరు 11న. ఆ రోజులలో పాత గోడ పైకి పొడిగా కనిపించినా లోపల నీరు పట్టే ఉంటుంది. దీపావళి వెళ్లాక కిటికీలు తెరిచి గోడను ఆరనిచ్చి, కార్తీకం చివరలో పని మొదలుపెడితే, మార్గశిరంలో రెండో లక్ష్మివారం పూజకో మూడో లక్ష్మివారం పూజకో గది సిద్ధమవుతుంది. మీ పొరుగున ఉన్న ఒడియా వారు మాణబసా (మార్గశిర లక్ష్మివారాల లక్ష్మీపూజ) కోసం బియ్యపు పిండితో ఝోటి అనే ముగ్గు వేసుకునేదీ ఇంచుమించు ఆ రోజులలోనే.

ముందుగా ఊడిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడండి. దాని వెనక తెల్లని సున్నపు పొర అంటుకుని వచ్చి ఉంటే తప్పు రంగుది కాదు, దాని కింద మిగిల్చిన సున్నానిది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటిగా వేసిన వెల్ల పొడిపొడిగా ఉంటుంది. ప్లాస్టిక్ పెయింట్ ఆరేటప్పుడు బిగుసుకుని ఆ బలహీనమైన పొరనే గోడ నుంచి లాగివేస్తుంది. అలా కాక, పెచ్చు ఊడిన చోట గోడ మీద దూదిపింజల వంటి తెల్లని నూగు కనిపిస్తే అది ఉప్పు. నేల నుంచి ఎక్కిన చెమ్మ ఇటుకలోని ఉప్పును కరిగించి పైకి తెస్తుంది. నీరు ఆవిరైనచోట ఉప్పు గడ్డకట్టి రంగును నెట్టివేస్తుంది. ఆ ఉప్పును పొడి కుంచెతో దులపండి గాని నీళ్లతో కడగకండి, కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

చెమ్మ ఇంకా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని కిటికీ కింద గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజంతా ఉంచండి. కాగితానికి గోడ వైపున నీటి బొట్లు పడితే ఆ గోడకు ప్లాస్టిక్ పెయింట్ పనికిరాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

నన్నడిగితే, అటువంటి గోడకు మీ మామగారు వేసిన సున్నమే మేలు. గోడలోని చెమ్మ సున్నం గుండా బయటికి ఆవిరైపోతుంది కనుక బుడగలు లేవవు. పాత రంగునూ వదులైన వెల్లనూ రేకుతో గీకివేసి, గోడను కొద్దిగా తడిపి, గుడ్డలో వడగట్టిన సున్నపు నీటిని పాలంత పలుచగా, కాస్త గంజి, చిటికెడు నీలిమందు కలిపి రెండు మూడు సార్లు వేయండి. తడిగా ఉన్నప్పుడు గోడ మాసినట్లే కనిపిస్తుంది. ఆరిన తరువాతే తెల్లదనం తెలుస్తుంది కాబట్టి కంగారుపడి చిక్కగా వేయకండి. సున్నపు గడ్డలు (దుకాణంలో చూన అని అడగాలి) తెచ్చి ఇంట్లోనే నానబెట్టుకునేటట్లయితే ప్లాస్టిక్ బకెట్టులో వేయకండి, కుతకుత ఉడుకుతుంది. కళ్లలో చుక్క పడినా ప్రమాదమే కనుక మీ అబ్బాయికి కళ్లద్దాలు పెట్టించండి.

మిగిలిన గోడలు పొడిగా ఉండి, రంగే కావాలనుకుంటే, గీకుడు దగ్గర బద్ధకించకూడదు. సున్నం కింది గచ్చు తగిలే దాకా గీకి, నల్లని గుడ్డతో తుడిచి చూసి, గుడ్డకు తెలుపు అంటనప్పుడే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయాలి. ఆరిన తరువాత పగుళ్లలో, గుంటలలో మాత్రమే లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టిన చోట మళ్లీ ప్రైమర్ తగిలించి, అప్పుడు ఎమల్షన్ (అదే ప్లాస్టిక్ పెయింట్) రెండు పూతలు వేయండి. పని అంతటిలో రోలర్ పట్టుకునే సమయమే తక్కువ.

లెక్కకు వద్దాము. గది 10 అడుగులకు 12 అడుగులు, గోడ ఎత్తు 10 అడుగులు అనుకుంటే చుట్టుకొలత 44 అడుగులు, గోడల వైశాల్యం 440 చదరపు అడుగులు. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న తలుపుకు 21, 4 అడుగుల చదరపు కిటికీలు రెండింటికి 32 తీసివేస్తే 387 మిగులుతుంది. డబ్బా మీద రెండు పూతలకు లీటరుకు 120 చదరపు అడుగులని రాసి ఉంటే 3 లీటర్ల పైచిలుకు పడుతుంది. 4 లీటర్ల డబ్బా ఒకటి చాలు. పాత గోడ రంగును ఎక్కువ తాగుతుంది కనుక మిగిలే ఆ కొంచెం వృథా కాదు.

ప్రశ్న: రాయగడలో మా ఇంటి తలుపులకు ముప్ఫై ఏళ్ల నాటి ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ ఉన్నది. ఇంట్లో పాకే మనవడు ఉన్నాడు. దానిని నేనే గీకి కొత్త రంగు వేయవచ్చునా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: వేయవచ్చును గాని పొడిగా గీకకండి, మంటతో కాల్చి తీయకండి. ఇళ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు నాటి ఆయిల్ పెయింటులో, ముఖ్యంగా ముదురు రంగులలో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాని ధూళి నేల మీద పడితే పాకే బిడ్డ చేతి నుంచి నోటికి చేరుతుంది. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉన్నట్లయితే దానిని తీయనవసరమే లేదు. వాటర్ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితాన్ని) నీటిలో ముంచి, నునుపు పోయే వరకు తడితడిగా రుద్ది, ఆరనిచ్చి, దాని మీదనే కొత్త రంగు వేయండి. వీలైతే తలుపు రెక్కను ఊడదీసి పెరట్లో పాలిథిన్ పరిచి పని చేయండి. తరువాత చీపురుతో ఊడ్వకుండా తడి గుడ్డతో రెండు సార్లు తుడిచి, ఆ గుడ్డను పారవేయండి. పని ముగిసే దాకా మనవడిని అమ్మమ్మగారింటికి పంపించండి.