కినీషియాలజీలో పీహెచ్‌డీ చేయొచ్చా? నాట్ల మడిలోంచి ఒక జవాబు

"ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) అయిపోయింది. కినీషియాలజీలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. చేయొచ్చా? ఉద్యోగం వస్తుందా?" అని అడిగారు.

కినీషియాలజీ అంటే మనిషి ఒళ్లు ఎలా కదులుతుందో చదివే శాస్త్రం. చేయొచ్చు. కానీ దండం పెడతా, "కబడ్డీ క్రీడాకారులపై పన్నెండు వారాల ప్లయోమెట్రిక్ శిక్షణ ప్రభావం" అని మాత్రం టాపిక్ పెట్టుకోకండి. మన దగ్గర వ్యాయామ విద్యలో ఏ థీసిస్ తెరిచినా అదే. ముప్ఫై మంది పిల్లలు ఈ పక్క, ముప్ఫై మంది ఆ పక్క, ముందు ఒక టెస్టు, తర్వాత ఒక టెస్టు, చివర్లో "గణనీయమైన మెరుగుదల కనిపించింది" అని ముగింపు. కనిపించకేం? మూడు నెలలు దుంకిస్తే ఎవరి కాళ్లకైనా బలం వస్తది.

నేను ఇప్పుడు ఐదో సంవత్సరంలో ఉన్నాను. మాది నాగర్‌కర్నూల్ దగ్గర ఊరు. నా చిన్నప్పుడు నాన్న పూణే దిక్కు మట్టిపనికి వలసపోయేవాడు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక మా చెరువు నిండింది, వరి పెరిగింది, నాన్న ఇంటికొచ్చాడు. వరి పెరిగిందంటే నాట్లు పెరిగినట్టే. నాట్లు వేసేది ఆడవాళ్లే. వాళ్ల నడుము ఎంత వంగుతుంది, అలా ఎంతసేపు ఉంటుంది అన్నదే నా టాపిక్. ప్రవేశ ఇంటర్వ్యూలో ఒక సారు "ఇదేం ఆటమ్మా?" అని అడిగారు. ఆట కాదు సార్, పని అన్నాను. సీటు ఎలా ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటిరోజు మా పెద్దమ్మ వాళ్ల గుంపు వెంట పోయాను. ఫోను, ట్రైపాడ్, కోణాలు కొలిచే గోనియోమీటర్, తెల్లటి మార్కర్ స్టిక్కర్లు. భుజం మీద ఒకటి, తుంటి మీద ఒకటి, మోకాలి మీద ఒకటి అతికించి పక్కనుంచి వీడియో తీయాలి. తర్వాత కినోవియా అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే కోణం వచ్చేస్తుంది. అది ఉచితం, అందుకే అది. పుస్తకంలో ఈ పద్ధతి బాగానే ఉంటుంది. కానీ పుస్తకంలో మనిషి నిక్కరు వేసుకుని ట్రెడ్‌మిల్ మీద ఉంటాడు. మా వాళ్లు చీర కుచ్చిళ్లు పైకి దోపి, మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల షర్టు వేసుకుంటారు. భుజం మీద స్టిక్కర్ షర్టుతో పాటు జారింది. తుంటి మీదిది చీర మడతల్లో పోయింది. మోకాలిది రెండు అడుగులు వెనక్కి వేసేసరికి బురదలో కలిసింది.

పైగా అది గుత్త పని. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు, ఈ మడి ఎంత జల్దీ అయితే అంత జల్దీ ఇంకో మడికి పోతారు. నేను "ఒక్క నిమిషం ఆగు పెద్దమ్మా" అన్నప్పుడల్లా పన్నెండు మంది కూలి ఆగుతోంది. ఈ సంగతి నా బుర్రకు ఎక్కేసరికి మూడో స్టిక్కర్ కూడా పోయింది.

"గట్టు మీద నిలబడి ఏం జూస్తవ్ బిడ్డా, నువ్వు గూడ దిగు" అంది పెద్దమ్మ. దిగాను. నారు కట్ట విప్పి నాకూ ఒక మునుం ఇచ్చారు. అరగంట. ఖోఖోలో జిల్లాకు ఆడిన దాన్ని, నడుము నా మాట వినలేదు. నేను నాటిన వరసల్లో సగం పీకి మళ్లీ నాటారు, అదీ నవ్వుకుంటూ. లేచి నిలబడి రెండు చేతులతో నడుము పట్టుకుంటే పెద్దమ్మ అంది: "వంగినంక ఏం తెల్వది. లేసేటప్పుడే పానం పోతది."

మాటవరసకు అందనుకున్నా. రాత్రి పుస్తకం తిరగేస్తుంటే అదే మాట కనిపించింది. 1955లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు లండన్ పరిశోధకులు చూపించారు: మనిషి పూర్తిగా ముందుకు వంగినప్పుడు వెన్ను వెంబడి ఉండే కండరాలు పని ఆపేస్తాయి. కండరాల్లో కరెంటు సంకేతాలను కొలిచే ఈఎంజీ మిషన్‌లో గీత దాదాపు చదునైపోతుంది. అప్పుడు బరువు మోసేది లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు), వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు. గంటల తరబడి అలాగే ఉంటే లిగమెంట్లు సాగిపోతాయి, లేచిన వెంటనే మళ్లీ బిగుసుకోవు. పెద్దమ్మ నొప్పికి ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్తాను. మా గైడ్ మాత్రం "ఈఎంజీ పెట్టి చూడకుండా అలా రాయకు" అన్నారు.

ఈఎంజీ మిషన్ మా డిపార్ట్‌మెంట్‌లో ఉంది. బీరువాలో ఉంది. బీరువాకు తాళం ఉంది. తాళం చెవి ఉన్న మనిషి లీవులో ఉంటారు, వచ్చినరోజు ఎలక్ట్రోడ్లు అయిపోయాయంటారు, ఎలక్ట్రోడ్లు కొనమని ఇండెంట్ పెడితే ఆడిట్ అభ్యంతరం అంటారు. రెండు నాట్ల సీజన్లు అట్లనే పోయాయి. వరి మన ఫైలు కదిలేదాకా ఆగదు కదా.

రెండో ఏడాది తెలివి తెచ్చుకున్నాను. ముందురోజు రాత్రే వాళ్ల షర్టుల భుజాలకు ఎర్ర రిబ్బను ముక్కలు కుట్టాను. చీర మీద నడుముకు ఎర్రగుడ్డ బిగించి కట్టాను. వాళ్ల పని ఆపలేదు. టీ, మిరపకాయ బజ్జీలు నా ఖర్చు. మొత్తం డేటా అలా వచ్చిందే.

ఇక మీరు అడిగినదానికి వస్తే, ముందు నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) రాయండి. ఫిజికల్ ఎడ్యుకేషన్ పేపర్ కోడ్ 47. అందులో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. అది లేకుండా చేరితే నాలాగా పొద్దున ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరు, మధ్యాహ్నం స్కాలరు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడవాళ్లకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంటుంది. ఈ ముక్క మా చుట్టాలకు చెప్పకండి, ఇప్పటికే "పెండ్లి ఎప్పుడు" అని ఒకటే పోరు.

ఇంకోటి, ఇక్కడ డిగ్రీ మీద సాధారణంగా ఫిజికల్ ఎడ్యుకేషన్ అనే రాస్తారు. కినీషియాలజీ అనే పేరుతోనే కావాలంటే అమెరికా, కెనడా వైపు చూడాలి. అక్కడ ఆ పేరుతో డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అసిస్టెంట్‌షిప్ (ప్రొఫెసర్ల దగ్గర బోధనలోనో పరిశోధనలోనో సాయపడే పని) దొరికితే ఫీజు మాఫీ అయి నెలకు కొంత చేతికొస్తుంది. అప్లికేషన్ కంటే ముందు ప్రొఫెసరుకు మెయిల్ పెట్టండి. వాళ్ల పేపర్లు చదివి పెట్టండి, "రెస్పెక్టెడ్ సర్" అని ఒకటే మెయిల్ నలభై మందికి పంపకండి. ఆ తప్పు నేను చేసి చూశాను.

ఉద్యోగమా? డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ పోస్టులకు పీహెచ్‌డీ పనికొస్తుంది. నోటిఫికేషన్ ఎప్పుడంటే మైసమ్మ తల్లికే తెలియాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, దీనితో ఫిజియోథెరపిస్టు కాలేరు, వైద్యం చేయకూడదు. మా ఊళ్లో ఎంత చెప్పినా వినరు. ఆదివారం ఇంటికి పోతే అరుగు మీద ముగ్గురు మోకాళ్లు చాపుకుని కూర్చుంటారు, "డాక్టరు సదువుతున్నవ్ గదా, సూడు" అంటూ.

ఈఎంజీకి వేరే కాలేజీలో అనుమతి దొరికింది. వచ్చే వానాకాలం మిషన్ తీసుకొస్తానని పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మిషినెందుకు బిడ్డా, ఇద్దరు కూలోళ్లను తీస్కరా, మనుసులు దొరుకుతలేరు" అంది.