మళ్లీ పెళ్లి చేసుకోవాలని ఉంది... ఇంట్లో ఎలా చెప్పను?

ప్రశ్న: నా వయసు 35. నాలుగేళ్ల క్రితం మావారు గుండెపోటుతో పోయారు. పదేళ్ల బాబుతో అత్తగారింట్లోనే ఉంటూ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను. తోటి టీచరు ఒకాయన, విడాకులైనవారు, పెళ్లి చేసుకుందామని అడిగారు. ఆయనంటే నాకూ ఇష్టమే. కానీ బాబు ఎలా తీసుకుంటాడో, అత్తమామలు ఏమంటారో, ఆస్తిలో మా వాటా పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఆయన ఫోన్ వస్తే డాబా మీదికెళ్లి మాట్లాడుతున్నాను. ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: 'ఆయనంటే నాకూ ఇష్టమే' అని రాశారు చూడండి, నిర్ణయం అక్కడే అయిపోయింది. ఇక దాన్ని ఎవరికి ముందు చెప్పాలన్నదే మిగిలింది. భయమంతా పోయాక చెబుదామనుకుంటే ఆ రోజు రాదమ్మా. భయపడుతూనే చెప్పాలి.

మీ భయాల్లో ఆస్తిది తేలిగ్గా తీరేది. మీవారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తి మీకు, బాబుకు, మీ అత్తగారికి తలా మూడో వంతు. ఆ హక్కు ఆయన పోయిన రోజే మీకు వచ్చేసింది. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన పోదు. ఉమ్మడి ఆస్తి ఉంటే లెక్క వేరు కాబట్టి, కాగితాలు పట్టుకుని మీ ఊరి కోర్టులోని మండల న్యాయ సేవాధికార కమిటీని కలవండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం.

అసలు కష్టం బాబు దగ్గరే. డాబా మీది ఫోన్లు వాడు ఈపాటికే గమనించి ఉంటాడు. ఇంకెవరో చెప్పేలోపు మీ నోటితోనే వినాలి. పదేళ్ల పిల్లాడి మనసులో ఉండే ప్రశ్నలు చాలా చిన్నవి. నేనెక్కడ పడుకుంటాను? స్కూలు మారుస్తారా? ఆయన్ని ఏమని పిలవాలి? నాన్న ఫొటో మనతో తెస్తావా? వాడు అడక్కపోయినా వీటికి జవాబులు చెప్పండి. 'నాన్న' అని పిలవమని బలవంతపెట్టొద్దు, అంకుల్ అంటే చాలు. ఇంటిపేరు మార్చక్కర్లేదు. నాన్న ఫొటో కొత్త ఇంటి హాల్లోనూ ఉంటుందని మాటివ్వండి. రెండు రోజులు అలిగి అన్నం మానేసినా తిట్టకండి, లంచంగా సైకిలూ గీకిలూ కొనివ్వకండి. పక్కన కూర్చోండి చాలు.

మీ అత్తమామలు కొడుకును పోగొట్టుకున్నవాళ్లు. మనవడూ దూరమైపోతాడన్న దిగులే వాళ్ల నోట కోపంగా వస్తుంది. అందుకే పెళ్లి మాట ఎత్తేముందే 'అత్తయ్యా, మీ మనవణ్ని మీకు దూరం చెయ్యను' అనండి. పండగలకు, సెలవులకు పంపుతానని చెప్పండి, పంపండి కూడా. వాళ్లు ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోయినా మీరు చేస్తున్నది తప్పు కాదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881లోనే అలాంటి పెళ్లి జరిపించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మీరు డాబా ఎక్కి గుసగుసగా మాట్లాడాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

ఇవన్నీ కదిలించేముందు ఆయన గురించి గట్టిగా వాకబు చేయండి. ఇష్టం ఉన్నచోట మొహమాటం వద్దు. విడాకుల డిక్రీ కాపీ చూపించమనండి. పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం చాలదు, కోర్టు ఇచ్చిందే ఉండాలి. దాని మీద అప్పీలుకుండే 90 రోజుల గడువు దాటిందో లేదో లాయరుకు చూపించండి. పిల్లలున్నారా, భరణం కట్టాల్సి ఉందా అన్నదీ అడగండి. 'బాబును కొన్నాళ్లు తాతగారి దగ్గరే ఉంచుదాం' అని ఆయన అంటే మాత్రం, ఎంత ఇష్టమున్నా ఆగిపోండి. అనకపోతే, వచ్చే ఆదివారం బాబుతో మాట్లాడండి. అత్తయ్యగారితో ఆ తర్వాత.