గేట్లు జనవరిలో ఎత్తరు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ‘మా విహారయాత్ర’ అందింది. ఆదివారం ఒకసారి చదివాను, నిన్న మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని ఇంకోసారి చదివాను. “బాగుంటే బాగుందనండి, లేకపోతే ఎక్కడ బాగాలేదో చెప్పండి మేడమ్” అని రాశావు కదా. ఆ రెండో మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో.

ఎనిమిదో తరగతిలో సంక్రాంతి సెలవులకు వారం ముందు మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళామని మొదటి పేరాలో చెప్పావు. మూడో పేరాకి వచ్చేసరికి “ఇరవై ఆరు గేట్లలోంచి పాలనురగలా దూకుతున్న కృష్ణమ్మను చూసి మైమరచిపోయాం” అన్నావు. గేట్లు జనవరిలో ఎత్తరు తల్లీ. ఎగువన వానలు పడాలి, శ్రీశైలం నిండాలి, అక్కడి వరద కిందికి రావాలి, సాగర్ మట్టం 590 అడుగులకు దగ్గర పడాలి. అప్పుడు క్రస్ట్ గేట్లు ఎత్తుతారు. మామూలుగా అది ఆగస్టు, అక్టోబరు మధ్య జరిగే పని. వానలు సరిగ్గా లేని ఏడు అసలు ఎత్తరు కూడా. మీరు వెళ్ళిన రోజున గేట్లన్నీ దించే ఉండి ఉంటాయి.

నువ్వు అబద్ధం రాశావని అనడం లేదు. నీకు నిజంగానే అలా గుర్తుండి ఉంటుంది. ఏటా వరదలప్పుడు టీవీలో అదే చూపిస్తారు, క్యాలెండర్ల మీదా అదే బొమ్మ. ఆ బొమ్మ వచ్చి నువ్వు చూసినదాని మీద కూర్చుంది. నాకూ ఇదే జరిగింది. నేను వెళ్ళింది 1979 జనవరిలో, ఏడో తరగతిలో. సాగర్ అనగానే చాలా ఏళ్ళు నా కళ్ళ ముందు కూడా తెల్లటి నీళ్ళే. ఒకసారి దాని గురించి రాద్దామని కూర్చున్నప్పుడు నెల గుర్తొచ్చి అనుమానం పుట్టింది. మా తరగతి స్నేహితురాలిని అడిగాను. “నీళ్ళెక్కడివే, మనం చూసింది ఉత్త గోడ. గోడ నిండా నల్ల చారలు. అన్నం కుండ పొంగి కారినట్టుందని నువ్వే కదా అన్నావు” అంది. ఆ మాట వినగానే గోడ కనిపించింది. దాని అడుగున బండల మధ్య కదలకుండా నిలిచిన పచ్చటి మడుగు, మడుగులో ఒంటికాలి మీద ఒక కొంగ, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. దూకే నీళ్ళ గురించి ఎవరైనా రాస్తారు. కారిన కుండలాంటి గోడ మా ఇద్దరికే ఉంది. నీకూ అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. మీ క్లాసు వాళ్ళకి ఫోన్లు చెయ్యి. ఒక్కొక్కరికీ ఏం గుర్తుందో అడుగు, వాళ్ళు చెబుతున్నప్పుడు మధ్యలో నువ్వు చెప్పకు.

రెండో పేరా నిండా తారీఖులు పెట్టావు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదలడం, 124 మీటర్ల ఎత్తు, రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దది. ఒక్కటీ తప్పు కాదు. కానీ ఆ రోజు బస్సులో ఇవి ఎవరు చెప్పారు? ఎవరి నోట విన్నావు? ఎవరూ చెప్పకపోతే అవి అక్కడ ఎందుకున్నాయి? నాకు 1967 ఎందుకు గుర్తుందో చెబుతాను. నేను పుట్టింది ఆ ఏడే. “నువ్వు పుట్టిన ఏడే సాగర్ నీళ్ళు వదిలారు” అని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. మాది కుడి కాలవ కింద పల్లెటూరు. మా వైపు పెద్ద పిల్లకాలవని మేజరు అంటారు, దాని నుంచి చీలే చిన్నదాన్ని మైనరు అంటారు. మా మేజరులో గేదెల్ని కడిగేదాన్ని. సాగర్‌లో మా టీచర్ చెయ్యి చాపి, “అదిగో, కుడి కాలవ అక్కడ మొదలవుతుంది” అన్నప్పుడు నేను డ్యామ్ చూడటం మానేసి అటే చూశాను. మా గేదెల వీపు మీద పోసే నీళ్ళు అక్కడి నుంచి బయల్దేరి వస్తున్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. ఒక కాయితం పడవ వదిలితే ఎన్ని రోజులకి మా ఊరు చేరుతుందని అడిగాను. టీచర్ లెక్క కట్టి చెప్తానంది, తర్వాత హడావిడిలో మర్చిపోయింది. తారీఖు రాయాలనుకుంటే మా నాన్న గొప్పలాగో, ఆ కాయితం పడవలాగో ఏదో ఒకదాని చెయ్యి పట్టుకుని రానివ్వు. లేదంటే తీసెయ్యి.

ఇంకొకటి. నీ రచనలో “రుచికరమైన భోజనం చేశాం” అని ఉంది. దానితో పాటు నాకు రాసిన ఉత్తరంలో “మా అమ్మ పొద్దున్నే లేచి సద్ది కట్టింది, సకినాలు పగిలిపోతాయని చున్నీలో చుట్టిచ్చింది” అని ఉంది. ఉత్తరంలో ఉన్న అమ్మాయి రచనలోకి రాగానే ఎటు పోయింది? చున్నీలో చుట్టిన సకినాలు చదివినప్పుడు నాకు నోరూరింది, మీ ఇంట్లో పిండివంటల రోజులు కళ్ళకి కట్టాయి. రుచికరమైన భోజనం దగ్గర ఏమీ కనిపించలేదు. రచన అంటే మడత నలగని చీర కట్టుకోవాలని ఎవరు చెప్పారో నీకు. ‘విహారయాత్ర’ అన్న మాట కూడా అంతే. మీరు ఆ రోజుల్లో ఏమనుకున్నారు? మేము ‘ఎస్కర్షన్’ అనేవాళ్ళం. “ఎస్కర్షన్‌కి పేరిచ్చావా” అనేవాళ్ళం. ‘ఆ రోజులే వేరు’ అని మొదలుపెట్టిన వాక్యం మాత్రం దయచేసి కొట్టెయ్యి. దాని తర్వాతి వాక్యం నుంచి మొదలుపెట్టినా ఏమీ పోదు.

డబ్బుల సంగతి అస్సలు రాయలేదు నువ్వు. బస్సుకీ లాంచీకీ కలిపి మనిషికి ఎంత కట్టారు? ఎవరింట్లో తేలిగ్గా ఇచ్చారు, ఎవరు రెండు రోజులు ఏడ్చి సాధించుకున్నారు? మాకు 18 రూపాయలు. మా అమ్మ పాల కేంద్రానికి వెళ్ళి, వచ్చే పదిహేను రోజుల బిల్లులో పట్టుకొమ్మని అడిగి తెచ్చింది. ఆ పక్షం మా ఇంట్లో మజ్జిగ పలచబడింది. ఇది ఏడిపించడానికి చెబుతున్నది కాదు. ఎస్కర్షన్ బస్సెక్కిన రోజున మొదలవదు. పేరిచ్చిన రోజునే మొదలవుతుంది, ఆ నాలుగు రోజులూ సగం కథ.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తాను.

మాకు వచ్చిన టీచర్ సైన్సు చెప్పేది. అప్పటికి ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. ఇంకో మాస్టారు రావాల్సింది, చివరి నిమిషంలో రాలేదు. యాభై ఇద్దరం పిల్లలం, ఆమె ఒక్కతే. మాచర్ల దాటాక నాకు బస్సులో వాంతులయ్యాయి. నిమ్మకాయ వాసన చూపించి, ముందు సీట్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, అప్పటి నుంచి నా చెయ్యి వదల్లేదు. నాగార్జునకొండకి లాంచీ ఎక్కాం. డీజిల్ వాసనకి మళ్ళీ తిప్పింది. ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు, ఎవరూ ఇవ్వలేదు. పిల్లలంతా ఒక పక్కకే పరిగెత్తుతుంటే లాంచీ ఒరిగేది, సరంగు అరిచేవాడు. “మన కింద ఒక ఊరుంది. ఇక్ష్వాకుల విజయపురి. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవన్నీ ఈ కొండ మీదికి చేర్చారు” అని టీచర్ చెప్పింది. కొన్ని కట్టడాలనైతే విప్పి తెచ్చి మళ్ళీ పేర్చారంది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం నేను ఆలోచించింది మళ్ళీ వాంతి వస్తే ఎలా అని. రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపెయ్యకు. పన్నెండేళ్ళ పిల్ల నోట్లో యాభై ఏళ్ళ మనిషి ఆలోచన పెట్టకు. నీ వ్యాసంలో ఎనిమిదో తరగతి పిల్లలు బుద్ధుడి విగ్రహం ముందు నిలబడి ‘జీవితం క్షణభంగురం’ అనుకున్నారు. అనుకోరు. కాళ్ళు నొప్పులనుకుంటారు, బయట ఐస్ అమ్మేవాడు వెళ్ళిపోతాడేమో అనుకుంటారు.

తిరిగి వచ్చి రేవులో దిగాక టీచర్ లెక్కపెట్టింది. ఒక్కొక్కరి తల మీద పెన్నుతో తడుతూ లెక్క. యాభై ఒకటి వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ యాభై ఒకటే. నీళ్ళ వైపు ఒకసారి చూసి, మూడోసారి మొదలుపెట్టింది. అప్పుడు ఎవరో వెనక నుంచి “టీచర్, మీ చేతిలో ఉన్నదాన్ని లెక్కపెట్టలేదు” అన్నారు. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి లెక్కపెట్టుకున్నట్టు, తను చెయ్యి పట్టుకున్న నన్నే ఆమె వదిలేసింది. అందరం విరగబడి నవ్వాం. ఈ ముచ్చట నేను ఎన్ని చోట్ల చెప్పానో, రెండుసార్లు రాశాను కూడా. రెండుసార్లూ నవ్వు దగ్గరే ఆపాను.

1998లో నేను టీచర్‌గా నలభై మంది పిల్లల్ని తీసుకుని అదే రేవుకి వెళ్ళాను. లాంచీ కదిలి పది నిమిషాలయ్యేసరికి నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. పక్కనున్న పిల్ల నా చేతిలోంచి చెయ్యి లాక్కుని గౌనుకి తుడుచుకుంది. చటుక్కున గుర్తొచ్చింది, ఆ రోజు నేనూ తుడుచుకున్నాను. టీచర్ చెయ్యి తడిగా ఉందని, జారిపోతోందని, రెండుసార్లు తుడుచుకుని మళ్ళీ ఇచ్చాను. లెక్క తప్పినప్పుడు అందరం నవ్వాం, ఆమె నవ్వలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ తడి నా దగ్గరే ఉంది, నేను దాన్ని కథలోకి రానివ్వలేదు, నవ్వుకి అడ్డం వస్తుంది కాబట్టి. దాని వెనకే ఇంకొకటి తెలిసింది. డ్యామ్ దగ్గర మేమంతా గోడ చూస్తుంటే ఆమె గోడకి వీపు పెట్టి నిలబడింది. మమ్మల్నే చూస్తూ ఉంది. కాలవ చూపించినప్పుడు కూడా చెయ్యి మాత్రమే అటు చాపింది. అంత దూరం వచ్చి ఆమె సాగర్ చూడలేదు.

రేవు నుంచి మమ్మల్ని అనుపు తీసుకెళ్ళారు. అక్కడ రంగస్థలం ఉంది కదా, నాలుగు వైపులా మెట్లతో స్టేడియంలా ఉంటుంది, అదీ ముంపు నుంచి తెచ్చి మళ్ళీ పేర్చినదే. తలలు లెక్కపెట్టడం మీద ఇక ఆమెకి నమ్మకం పోయినట్టుంది. అందర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి, నన్ను మొదటి మెట్టు మీద వదిలి, తను మధ్యలోకి వెళ్ళి నిలబడి హాజరు పిలిచింది. చేతిలో రిజిస్టరు లేదు. ఇంటిపేర్లతో సహా యాభై రెండు పేర్లు, వరసలో. గట్టిగా అరవక్కర్లేకపోయింది, పై మెట్టు మీది వాళ్ళకీ వినిపించింది. పదిహేడు వందల ఏళ్ళ నాడు రాజులు కూర్చున్న మెట్ల మీద కూర్చుని మేము “ప్రెజెంట్ టీచర్” అన్నాం. చివరి పేరు అయ్యాక ఆమె అక్కడే, ఆ నేల మీదే కూర్చుండిపోయింది. కాసేపు లేవలేదు. ఆ తర్వాత ఎత్తిపోతల జలపాతానికి కూడా వెళ్ళాం, మొసళ్ళని చూశాం, నాకు పెద్దగా గుర్తులేదు.

మూడోసారి రాసినప్పుడు నేను నవ్వుని తీసెయ్యలేదు. పిల్లలు నవ్వారు కాబట్టి నవ్వు ఉంచాను. దాని పక్కన తడి చెయ్యి పెట్టాను, అంతే. ‘అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది’ అని రాయలేదు. చదివేవాళ్ళు ఎలాగూ తెలుసుకుంటారు, వాళ్ళకి ఆ పని వదిలెయ్యాలి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, నీ వ్యాసం నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. “మా సారు బస్సు మెట్టు మీద కూర్చుని తిన్నారు.” ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. వెంటనే అంత్యాక్షరిలోకి వెళ్ళిపోయావు. నేను అక్కడ ఆగిపోయాను. అందరూ చెట్టు కింద తింటుంటే ఆయన మెట్టు మీద ఎందుకున్నారు? ఎవరైనా బస్సెక్కి తలుపు వేసుకుంటారనా, రోడ్డు మీదికి పరిగెత్తుతారనా? ఏం తిన్నారు? తనకని తెచ్చుకున్నారా, లేక మీ సద్దుల్లో తలా ముద్దా పెట్టారా? ఆయనకి సకినం ఇచ్చావా? ఆయన నంబరు దొరికితే ఒకసారి మాట్లాడు, లేదా వాళ్ళ ఊరు వెళ్ళి కలువు. ఆ మెట్టు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టు. డ్యామ్ వద్దు, తారీఖులు వద్దు, అవసరమైతే అవే వస్తాయి. ఎన్ని పేజీలవుతుందని టెన్షన్ పడకు. రెండు పేజీలైనా చాలు.

సంక్రాంతికి ఇటు వస్తానన్నావు కదా. కొత్త ప్రతి పట్టుకురా. మీ ఇంట్లో ఆ రోజు గ్రూప్ ఫోటో ఉందని రాశావు, అదీ మర్చిపోకుండా తీసుకురా. అందులో మీ సారు ఎటు చూస్తున్నారో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేడమ్