పత్తాలకు నెలవారీ అద్దె
(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

ప్రశ్న: 1997లో నాంపల్లిలోని మా కార్యాలయానికి మొదటిసారి కంప్యూటర్లు వచ్చినప్పుడు, సాలిటేర్ ఆడుతూనే నేను మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఉద్యోగ విరమణ తరువాత మా అబ్బాయి సికింద్రాబాద్‌లో కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. అందులో అదే పత్తాలాట తెరిస్తే మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి. అవి వద్దనుకుంటే డబ్బు కట్టవచ్చని కూడా రాసి ఉంది. కంప్యూటరుతో పాటే వచ్చిన ఆటకు మళ్లీ డబ్బు ఎందుకు? పాత కంప్యూటరులోని ఆటను దీనిలోకి తెచ్చుకోవచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, నల్లకుంట

జవాబు: ఆట పేరు అదే, ఆఠీను రాణి మీద ఇస్పేటు జాకీని పెట్టే పద్ధతీ అదే. మారినదల్లా ఆ ఆటకూ, మీరు కొన్న యంత్రానికీ మధ్య ఉన్న సంబంధం.

సాలిటేర్ 1990లో విండోస్ 3.0లో భాగంగా వచ్చింది. దానిని రాసిన వెస్ చెర్రీ అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్. అందుకు ఆయనకు రాయల్టీ ఏమీ ముట్టలేదు. పేకముక్కల బొమ్మలను సూసన్ కేర్ గీశారు. అప్పటిదాకా కీబోర్డు మీద ఆదేశాలు కొట్టడమే అలవాటైన వారికి, ఒక వస్తువును మౌసుతో పట్టి లాగి మరోచోట వదలడం అనే కొత్త పనిని ఆ ఆట బెరుకు లేకుండా నేర్పింది కనుక, మీరు కార్యాలయంలో నేర్చుకున్న తీరు దాని ఉద్దేశానికి సరిగ్గా సరిపోయిందనే చెప్పాలి. 1992లో విండోస్ 3.1తో పలకలో దాగిన మందుపాతరలను కనిపెట్టే మైన్‌స్వీపర్, ఆ తరువాత విండోస్ 95తో ఫ్రీసెల్ అనే మరో ఒంటరి పేకాట వచ్చాయి. వీటి వెల విండోస్ వెలలోనే కలిసి ఉండేది. ఒకసారి కొన్నాక ఆట మన ఇంటి గోడ గడియారం లాంటిదే, దాని తయారీదారుకు మనతో మళ్లీ పని ఉండేది కాదు.

ఈ ఏర్పాటు 2012లో విండోస్ 8తో ముగిసింది. ఆటలను విండోస్ నుంచి తీసివేసి, కావలసినవారు మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోర్ నుంచి దించుకునేలా విడిగా పెట్టారు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు సాలిటేర్ కలెక్షన్ మళ్లీ ముందుగానే యంత్రంలోకి చేరింది కానీ, ప్రకటనలను వెంటబెట్టుకుని చేరింది. ప్రకటనలు లేకుండా ఆడే ప్రీమియం చందాకు అప్పట్లో అమెరికాలో నెలకు 1.49 డాలర్లు, ఏడాదికి 9.99 డాలర్లు ధర పెట్టారు. రోజుకొక కొత్త పందెం, ఏ యంత్రంలో ఆడినా వెంట వచ్చే స్కోరు వంటివి చేరడంతో ఆట ఒక వస్తువుగా కాక, ఎక్కడో ఒక సర్వర్ (కంపెనీ నడిపే దూరపు కంప్యూటర్) మీద నిత్యం నడిచే సేవగా మారింది. సేవకు నెలనెలా ఖర్చు ఉంటుంది కనుక ప్రకటనలో, చందానో తప్పదని సమర్థించేవారి వాదన.

ఆ వాదనలో సగం నిజమే ఉందని నా అభిప్రాయం. పాత ఫ్రీసెల్‌లో 1 నుంచి 32,000 వరకు ప్రతి పంపకానికీ ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యను కాగితం మీద రాసి పక్క బల్ల మీది మిత్రుడికి ఇస్తే ఇద్దరికీ అవే ముక్కలు అదే వరుసలో వచ్చేవి. సర్వరూ, ఖాతా, చందా లేకుండానే పందెం సాగేది. (ఆ 32,000లో గెలవడానికి వీలులేనిది 11982 ఒక్కటే. ఎవరైనా మీకు ఆ సంఖ్య రాసి ఇచ్చి ఉంటే, వారు మీ మిత్రులు కారు.) సర్వర్ అక్కరలేని ఆటకు సర్వర్‌ను తగిలించి, ఆ తరువాత దాని ఖర్చు చూపడం నాకు అంత సబబుగా తోచదు. ఊరికే ఇచ్చిన వస్తువులో ప్రకటన ఉంటే అది న్యాయమైన బేరమే. ఈ పత్రిక కూడా ప్రకటనలు లేకుండా ఇదే ధరకు మీ చేతికి రాదు. కానీ ఇల్లు కొనుక్కున్నవాడిని తన అరుగు మీద తాను కూర్చోవడానికి అద్దె అడిగితే ఎలా ఉంటుందో, వెల చెల్లించి తెచ్చుకున్న యంత్రంలో ఈ చందా అలా అనిపించడం సహజం.

ఇక మీరు చేయగలిగినది. చందా కట్టనవసరం లేదు. కట్టకపోయినా ఆట ఆడుకోవచ్చు, ప్రకటనలను భరించాలి, అంతే. భరించలేకపోతే పైసోల్ ఎఫ్‌సి అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. వెయ్యికి పైగా ఒంటరి పేకాటలతో విండోస్ మీద కూడా నడుస్తుంది, దానిలో ప్రకటనలు ఉండవు. మీ పాత యంత్రంలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేయించుకుంటే ఐల్‌రియట్ అనే ఆట ప్రకటనలు లేకుండా దొరుకుతుంది. పాత విండోస్ సాలిటేర్‌ను ఇస్తామని చెప్పే ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ఆటకు అనుమతి విండోస్‌తో కలిపి ఇచ్చినదే తప్ప విడిగా పంచుకోవడానికి ఇచ్చినది కాదు. అంతకన్నా ముఖ్యం, అలాంటి ఫైళ్లలో ఆటతో పాటు ఇంకేమి దిగుతుందో దించుకున్నాక గానీ తెలియదు.

ప్రశ్న: మా అత్తయ్య గారి ఫోనులో ఒక పేకాట యాప్ వేశాను. ప్రకటనల బాధ లేకుండా మూడు రోజులు ఉచితం అని కనిపిస్తే ఆవిడ నొక్కారు. నెల తరువాత నా యూపీఐ ఖాతాలోంచి డబ్బు పోయింది. యాప్ తీసివేసినా మరుసటి నెల మళ్లీ పోయింది. ఇది ఎలా ఆపాలి?
– గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: యాప్ తీసివేస్తే చందా ఆగదు, చాలామంది పొరబడేది ఇక్కడే. యాప్ ఫోనులో ఉంటుంది, చందా మాత్రం మీ స్టోర్ ఖాతాలో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనైతే ప్లే స్టోర్‌లో పైన ఉన్న మీ బొమ్మను నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ విభాగంలోకి వెళ్లి అక్కడ రద్దు చేయండి. ఆ తరువాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే (నెలనెలా దానంతటదే డబ్బు వెళ్లే ఏర్పాటు) విభాగాన్ని తెరిచి, అనుమతి ఇంకా సజీవంగా ఉంటే దానినీ రద్దు చేయండి. ఈ రెండో పని మరిచిపోవద్దు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి చెల్లింపులకు మొదట ఒకసారి మీ ధ్రువీకరణ తీసుకోవాలి. ఆ తరువాత 15,000 రూపాయల లోపు మొత్తాలు ప్రతిసారీ పిన్ అడగకుండానే వెళ్లిపోవచ్చు. అయితే డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ సందేశం లోన్ల ప్రకటనల మధ్య ఎక్కడో మునిగిపోయి ఉంటుంది, వెతికి చూడండి. వస్తే వచ్చిన తేదీని, రాకపోతే రాలేదన్న విషయాన్ని రాసి పెట్టుకుని మీ బ్యాంకును అడగండి.

ఫిర్యాదుకు మరో ఆధారం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాలు వినియోగదారులను తప్పుదోవ పట్టించే 13 పద్ధతులను పేర్కొన్నాయి. అందులో ఒకటి చందా ఉచ్చు. రద్దు చేసే మార్గాన్ని దాచడం, దానిని చిక్కుముడిలా చేయడం, ఉచిత చందాకే చెల్లింపు వివరాలు ఇవ్వాలని పట్టుబట్టడం దాని కిందికి వస్తాయి. మూడు రోజుల ఉచితం అన్న తెర మళ్లీ ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయండి. అత్తయ్య గారిని ఏమీ అనకండి; ఆ మీటను పెద్ద అక్షరాలతోనూ, కట్టవలసిన సొమ్మును చీమ తలకాయంత అక్షరాలతోనూ పెట్టినవారిది తప్పు.

ప్రశ్న: నేను ఫోన్ ఆటలు తయారు చేసే చిన్న బృందంలో పని చేస్తాను. ప్రకటనలూ వద్దు, చందాలూ వద్దు అంటే మేము జీతాలు ఎలా తీసుకోవాలి?
– ప్రోగ్రామర్, గచ్చిబౌలి

జవాబు: ఊరికే చేసి పెట్టమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు, అడగలేరు కూడా. సైమన్ టాథమ్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ సుమారు 40 చిన్న పజిళ్లను ఉచితంగా, ప్రకటనలు లేకుండా ఇచ్చారంటే అది ఆయన ఇష్టం. మీకు దానిని ఆదర్శంగా చూపడం అన్యాయం. మైన్‌స్వీపర్ వంటిదే అయిన ఆయన మైన్స్ ఆటలో మాత్రం మీరు గమనించదగిన ఒక మర్యాద ఉంది. గుడ్డిగా ఊహించే అవసరం ఎక్కడా రాకుండా, పూర్తిగా తర్కంతోనే తేల్చగలిగిన పలకనే అది ఆటగాడి ముందు పెడుతుంది. మధ్యలో ఇరుక్కున్నవాడికి ప్రకటన చూస్తే సూచన ఇస్తామని అమ్మే ఆటలు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. వాటిలో ఇరుక్కోవడమే ఆదాయం.

సర్వర్ అక్కరలేని ఆటైతే ఒకేసారి ధర పెట్టి అమ్మండి. నెట్ లేని చోట, ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే బస్సులో కూడా అది తెరుచుకోవాలి. నిజంగా నెలనెలా ఖర్చు ఉన్న ఆటైతే చందా పెట్టండి, కానీ ధరను మొదటి తెర మీదే, రద్దు మీటను కొనే మీట పక్కనే చూపండి. అలా చేస్తే కొనేవారు తగ్గుతారని మీ మార్కెటింగ్ విభాగం అంటే, తగ్గేవారు కూకట్‌పల్లి అత్తయ్య గారి వంటివారేనా అని వారినే అడిగి చూడండి.