రొయ్యల ప్లాంటులో చేరబోతున్న మా అమ్మాయికి

చి. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. మీ నాన్న నిన్న ఫోన్ చేసి చాలాసేపు గోడు వెళ్లబోసుకున్నాడు. కంప్యూటర్ సైన్స్ చదివించింది రొయ్యల తలకాయలు లెక్కపెట్టించడానికా అని వాడి బాధ. నువ్వు మాత్రం ఒక్క ముక్క పంపావు: "చేరమంటావా, వద్దంటావా?" చేరు. కాకపోతే కళ్లు తెరుచుకుని చేరు.

నేను చదివింది బీఎస్సీ మ్యాథ్స్. ఒంగోలులో పొగాకు కొనే కంపెనీలో చేరేనాటికి బ్రైట్ అనే మేలురకం ఆకేదో లోగ్రేడ్ అనే నాసిరకం ఆకేదో తెలియదు. 1985లో మన రాష్ట్రంలో పొగాకు బోర్డు వేలం మొదలైంది, ఆ కొత్తలోనే నన్ను వేలం కేంద్రానికి పంపారు. బేళ్ల (పొగాకు కట్టల) వరసల మధ్య నడుస్తూ ఆకు చేత్తో పట్టుకుని తేమ, రంగు, పస చూసి అక్కడికక్కడే తేల్చేయాలి. ఎవరూ పాడకపోతే ఆ బేలు 'నో బిడ్', అంటే అమ్ముడుపోనట్టే. ఆ మాట విన్న రైతు ముందు నిలబడి మాట్లాడటం ఏ కాలేజీలో నేర్పుతారు? నా డిగ్రీ ఏ సబ్జెక్టో ఆ తరువాత ఎవరూ అడగలేదు. ఆకు తెలుసా, లెక్క వచ్చా, రైతుతో నెగ్గుకు రాగలవా, అంతవరకే.

నీకిచ్చేది ప్రొడక్షన్ సూపర్‌వైజర్ పని అన్నావు. గమ్ బూట్లు, గ్లౌజులు, తలకు టోపీ, రోజంతా చలి, తడి. మొదటి నెల కాళ్లు లాగేస్తాయి. ఆ నెలలో నువ్వు పట్టుకోవాల్సింది కౌంట్. చెరువు గట్టు మీద 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు. అదే అమెరికా వెళ్లే డబ్బా మీద 21/25 అని ఉంటే అది పౌనుకి, అంటే 454 గ్రాములకి, 21 నుంచి 25 రొయ్యలని. పైగా గట్టు మీద తూచేది తలతో, డబ్బాలో ఎక్కువగా పోయేది తల తీసిన సరుకు. తల తీస్తే కిలోకి సుమారు 650 గ్రాములు మిగులుతుంది, పొట్టు కూడా ఒలిస్తే ఇంకా తగ్గుతుంది. కంపెనీ లాభమంతా ఈ తరుగులోనే ఉంది. ఏ చెరువు సరుకుకి ఎంత తరుగు వచ్చింది, ఐసు తక్కువై మెత్తబడిందా, ఒలిచేటప్పుడు కండ తెగిపోయిందా అని రోజూ నీ సొంత నోట్‌బుక్‌లో రాసుకో. అట్లా రాసుకుంటే ఆర్నెల్లలో మేనేజరు నిన్ను పిలిచి అడిగే రోజొస్తుంది.

నీ చదువు పనికొచ్చేదీ అక్కడే. చాలా ప్లాంట్లలో ఇప్పటికీ ఆ లెక్క రిజిస్టర్లలో రాసి, సాయంత్రం ఎవరో ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. దాన్ని నువ్వో చిన్న ప్రోగ్రాంతో సర్దిపెట్టు. అడిగి, అనుమతి తీసుకునే చెయ్యి. కంపెనీ లెక్కలు నీ ఫోన్లోకీ సొంత మెయిల్‌లోకీ ఎక్కించుకోవద్దు, అది ఉద్యోగానికే ఎసరు. రేపు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి వెళ్లినా, ఏదో ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ కంటే ఇది చేశానని చెప్పడమే బరువుగా ఉంటుంది.

ఒలిచే ఆడవాళ్లు కంపెనీ బస్సుల్లో పల్లెల నుంచి వస్తారు. వాళ్ల చేతులకు తెలిసినంత నీ పైవాళ్లకు తెలియదు. అక్కా, పిన్నీ అని పిలువు. "ఏందమ్మా, ఇంజినీరమ్మా" అని మొదట్లో ఆటపట్టిస్తారు, పట్టించుకోకు.

అమ్మోనియా సంగతి మాత్రం మొదటి రోజే కనుక్కో. శీతల గదులు చాలాచోట్ల దాంతోనే నడుస్తాయి. బయటికి దారి ఎటు, గాలి ఎటు వీస్తోంది, అందరూ చేరే చోటేది అని అడుగు. వాసన ఘాటుగా కొడితే తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని, గాలికి అడ్డంగా దూరం జరగాలి. ఇవి అడిగితే పిరికిదానివనుకుంటారేమోనని ఊరుకోకు.

ఇక కాగితాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇవ్వొద్దు, చూపించి జిరాక్స్ ఇవ్వు. డిపాజిట్ కట్టమంటే అక్కడినుంచి లేచి వచ్చెయ్. ఇన్నేళ్లు మానకూడదని బాండ్ రాయమంటే చదవకుండా సంతకం పెట్టకు. జీతం ఎంత అనేదానితో పాటు బేసిక్ (మూల వేతనం) ఎంతో చూడు, పీఎఫ్‌కి నీ నుంచి కోసే 12 శాతం ముఖ్యంగా దాని మీదే లెక్క. వాళ్లూ అంతే కడతారు, అందులో కొంత పెన్షన్‌కు పోతుంది. పీఎఫ్ కోసం నీకొచ్చే యూఏఎన్ నంబరు జాగ్రత్త, ఎన్ని ఉద్యోగాలు మారినా అదే నంబరు. నెల జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐ, అంటే వైద్య బీమా కూడా ఉంటుంది, నీ వాటా 0.75 శాతమే. నైట్ షిఫ్టుకి బస్సు ఇంటిదాకా వస్తుందా, రోడ్డు మీద దించేస్తుందా, ఇది మీ అమ్మ అడగమంది.

ఎంతకాలం ఉండాలంటావా? కనీసం ఒక ఏడాది, అన్ని సీజన్లూ చూసేదాకా. ఈ వ్యాపారానికి ఒడిదుడుకులు ఎక్కువ. 1990ల మధ్యలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకి మన తీరంలో ఎంతమంది చెరువులు వదిలేశారో మీ నాన్ననడుగు. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఆ చెరువులు మళ్లీ నీళ్లెక్కాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే గట్టు మీద ధర పడిపోయింది. కాబట్టి జీతంలోంచి మూడు నెలల ఖర్చు పక్కన పడేదాకా కొత్త ఫోన్ మాటెత్తకు. ఏడాది తరువాత ఆ పనిలో కొత్తగా తెలుసుకునేది ఏమీ లేదనిపిస్తే వెతుక్కో, రిలీవింగ్ లెటర్ తీసుకునే బయటికి రా. కోపంతో చెప్పకుండా మానెయ్యడం మన నెల్లూరోళ్లకి అలవాటే గానీ, తరువాతి కంపెనీవాడు ఆ కాగితమే అడుగుతాడు.

మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. పెళ్లిచూపుల్లో ఏమని చెప్పుకోవాలన్నది వాడి అసలు టెన్షన్, రొయ్యలు కాదు.

ఆఫర్ లెటర్ అన్ని పేజీలూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. బేసిక్, నోటీసు పీరియడ్, బాండ్ ఈ మూడూ చూసి ఫోన్ చేస్తా. అప్పటిదాకా సంతకం ఆపు.

మీ పెదనాన్న
ఒంగోలు